టెంటు లోపలి నుంచి ఎందుకు కోశారు? డ్యాట్లోవ్ పాస్, 1959

ఈ రోజు చెప్పుకోబోయే సంఘటనని మీలో చాలామంది ఏదో ఒక షార్ట్‌లోనో రీల్‌లోనో చూసే ఉంటారు. రష్యాలో మంచు కొండ. తొమ్మిది మంది ట్రెక్కర్లు. లోపలి నుంచి కత్తితో కోసిన టెంటు. కాళ్లకు బూట్లు లేవు, ఒంటి మీద కోట్లు లేవు, ఆ చలిలో కిందకి నడిచి వెళ్లి అందరూ చనిపోయారు. ఒకమ్మాయికి నాలుక లేదు. బట్టల మీద రేడియేషన్. ఇక్కడ ఒక భయపెట్టే మ్యూజిక్, "పార్ట్ టూ కోసం ఫాలో అవ్వండి" అని ఒక ముక్క. అయిపోయింది.

ఆ పార్ట్ టూ మనకి ఎప్పుడూ రాదు. కాబట్టి ఈ ఎపిసోడ్‌లో మొదటి నుంచి చివరి దాకా నేనే చెప్తాను. ఒక్క మాట ముందే అడుగుతున్నా. ఈ కథ విన్న ప్రతివాళ్లూ "వాళ్లు ఏం చూసి అంత భయపడ్డారు?" అని అడుగుతారు. నేను మాత్రం ఇంకో ప్రశ్న దగ్గర ఆగాలనుకుంటున్నాను. టెంటులోంచి బయటికి వచ్చాక వాళ్లు ఏం చేశారు? ఈ రెండో ప్రశ్నకి మంచులోనే చాలా జవాబులు మిగిలాయి. ఎవరూ వాటి గురించి ఎక్కువ మాట్లాడరు.

సరే, మొదలుపెడదాం.

1959 జనవరి. అప్పటి సోవియట్ యూనియన్‌లో స్వెర్ద్లోవ్‌స్క్ అనే నగరం. ఇప్పుడు దాని పేరు యెకతెరిన్‌బర్గ్. అక్కడి ఉరల్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుతున్నవాళ్లు, అక్కడే చదువు పూర్తి చేసినవాళ్లు కలిసి ఒక స్కీ ట్రెక్ ప్లాన్ చేశారు. లీడర్ పేరు ఇగోర్ డ్యాట్లోవ్, వయసు 23. బయల్దేరింది మొత్తం పది మంది. ఎనిమిది మంది మగవాళ్లు, ఇద్దరు అమ్మాయిలు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లే, ఒక్క సెమ్యోన్ జొలొతర్యోవ్ తప్ప. ఆయనకి 37, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చినవాడు.

వీళ్లు సరదాకి బ్యాగులు తగిలించుకుని వెళ్లినవాళ్లు కారు. అప్పట్లో సోవియట్ ట్రెక్కింగ్‌లో అన్నిటికంటే కష్టమైన మూడో కేటగిరీ రూట్ ఎంచుకున్నారు. ఉత్తర ఉరల్ పర్వతాల్లో ఒతొర్తెన్ అనే కొండ దాకా వెళ్లి రావాలి. చలికాలం ట్రెక్కులు వాళ్లకి కొత్త కాదు. టెంటులో పెట్టుకునే చిన్న పొయ్యిని కూడా డ్యాట్లోవ్ సొంతంగా తయారుచేసుకున్నాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వీళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు.

జనవరి 28న యూరి యూదిన్ అనే అబ్బాయికి నొప్పులు ఎక్కువై వెనక్కి తిరిగాడు. అలా తొమ్మిది మంది మిగిలారు. యూదిన్ 2013 దాకా బతికాడు. తన స్నేహితులకి ఏం జరిగిందన్న ప్రశ్నతోనే యాభై ఏళ్లకు పైగా గడిపాడు.

ఫిబ్రవరి 1న ఆ తొమ్మిది మంది ఖొలాత్ స్యాఖ్ల్ అనే కొండ వాలు మీద ఆగారు. అక్కడి స్థానిక తెగ మాన్సీ ప్రజల భాషలో ఆ పేరుకి 'చచ్చిన కొండ' అని అర్థం చెప్తారు. వినగానే ఒళ్లు జలదరిస్తుంది కదా? కానీ ఆ పేరు ఈ తొమ్మిది మంది చావు వల్ల వచ్చింది కాదు, అంతకు ముందు నుంచీ ఉన్నదే. వాలు మీద మంచు తవ్వి చదును చేసి, కింద స్కీలు పరిచి, వాటి మీద టెంటు వేశారు. ఆ తవ్వుతున్నప్పుడు తీసిన ఫోటో కూడా ఉంది. తర్వాత వాళ్ల కెమెరాల్లోంచే దొరికింది.

ఫిబ్రవరి 12 నాటికి తిరిగొచ్చి టెలిగ్రామ్ ఇవ్వాలి. రాలేదు. ట్రెక్కుల్లో రెండు మూడు రోజులు ఆలస్యం మామూలే అని ఎవరూ కంగారుపడలేదు. ఇంట్లోవాళ్లు గట్టిగా అడిగితే ఫిబ్రవరి 20న వెతకడం మొదలైంది. 26న టెంటు కనిపించింది. సగం కూలిపోయి, పైన మంచు కప్పేసి ఉంది. లోపల బూట్లు, కోట్లు, తిండి, డబ్బు, అన్నీ ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు. టెంటు గుడ్డ లోపలి వైపు నుంచి కోసి ఉందని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

టెంటు నుంచి అడుగుల ముద్రలు కిందకి, అడవి వైపు వెళ్లాయి. ఎనిమిది తొమ్మిది మందివి. కొందరు సాక్సుతో, కొందరు ఉత్త కాళ్లతో. దాదాపు కిలోమీటరున్నర దూరంలో అడవి అంచున ఒక పెద్ద పైన్ చెట్టు. దాని కింద ఆరిపోయిన మంట. పక్కన రెండు శవాలు: యూరి దొరొషెంకో, యూరి క్రివొనిషెంకో. ఒంటి మీద లోదుస్తులు మాత్రమే. చెట్టుకి దాదాపు ఐదు మీటర్ల ఎత్తు దాకా కొమ్మలు విరిగి ఉన్నాయి.

ఆ చెట్టుకీ టెంటుకీ మధ్య ఇంకో ముగ్గురు దొరికారు. డ్యాట్లోవ్ చెట్టుకి 300 మీటర్ల దూరంలో, రుస్తెమ్ స్లొబోదిన్ 480 మీటర్ల దూరంలో, జినైదా కొల్మొగొరోవా 630 మీటర్ల దూరంలో. ముగ్గురూ టెంటు వైపు వెళ్తూ పడిపోయినట్టు ఉన్నారు.

మిగతా నలుగురి కోసం మే నెల దాకా ఆగాల్సి వచ్చింది. మంచు కరగడం మొదలయ్యాక, చెట్టుకి 75 మీటర్ల దూరంలో, ఒక చిన్న వాగు లోయలో, నాలుగు మీటర్ల మంచు కింద దొరికారు. ల్యుద్మిలా దుబినినా, జొలొతర్యోవ్, అలెగ్జాండర్ కొలెవాతొవ్, నికొలాయ్ థిబో బ్రిన్యోల్. దుబినినాకీ జొలొతర్యోవ్‌కీ పక్కటెముకలు విరిగిపోయాయి. థిబో పుర్రె పగిలింది. కారు గుద్దితే తగిలేంత దెబ్బ అని పోస్టుమార్టం చేసిన డాక్టర్ అన్నాడు. మిగతా ఆరుగురూ చలికి చనిపోయారు.

1959 మే 28న కేసు మూసేశారు. కారణంగా రాసింది ఒక్కటే: వాళ్లు తట్టుకోలేని ప్రకృతి శక్తి. అంతే! ఏ శక్తి, ఎలా అన్నది లేదు. ఫైల్ దాచేశారు. ఆ ప్రాంతంలోకి కొన్నేళ్ల పాటు ట్రెక్కర్లని వెళ్లనివ్వలేదు. ఇక పుకార్లు పుట్టవా? ప్రభుత్వం నోరు మూసుకుని కూర్చుంటే ఖాళీని జనం నింపుతారు. ఎక్కడైనా ఇంతే. కాబట్టి ఈ థియరీలన్నిటికీ సగం బాధ్యత ఆ మూసేసిన ఫైలుదే అంటాను.

ఇప్పుడు థియరీలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, మాన్సీ వాళ్లు చంపారని. తమ పవిత్ర స్థలంలోకి వచ్చారని కోపంతో చేశారట. మొదట్లో పోలీసులు కూడా అనుమానించారు. కానీ టెంటు చుట్టూ వేరే మనిషి అడుగు ఒక్కటి కూడా లేదు. పైగా వెతకడానికి వచ్చిన వాళ్లలో మాన్సీ వేటగాళ్లు కూడా ఉన్నారు. ఆ ప్రజల మీద ఊరికే వేసిన నింద ఇది.

రెండోది, యతి. అంటే మంచు మనిషి. దీని మీద అమెరికన్ టీవీలో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. దీని వెనక ఉన్న సంగతి తెలిస్తే మీకు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. ఆ రోజు టెంటులో వీళ్లు 'ఈవినింగ్ ఒతొర్తెన్' అని చేతిరాతతో ఒక ఉత్తుత్తి పేపర్ తయారుచేసుకున్నారు. కాలేజీ గోడపత్రికలా ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ రాసిన జోకులు. అందులో ఒకటి, ఒతొర్తెన్ కొండ దగ్గర మంచు మనుషులు ఉంటారని. అది ఫ్రెండ్స్ మధ్య జోకు! దాన్ని పట్టుకుని సాక్ష్యం అన్నారు. రేపు మన వాట్సాప్ గ్రూపులో మనం వేసుకున్న జోకుల్ని ఎవరైనా అలా చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మూడోది, మిలిటరీ, రాకెట్లు, ఆకాశంలో కనబడిన వెలుగులు. దీన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎందుకంటే దర్యాప్తు చేసిన లెవ్ ఇవనోవ్ స్వయంగా 1990లో ఒక వ్యాసం రాశాడు. ఎగిరే నిప్పు గోళాల సంగతి వదిలేయమని పైనుంచి ఒత్తిడి వచ్చిందన్నాడు. ఆ ప్రాంతంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెలుగులు చూసినవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ టెంటు దగ్గర పేలుడు గుర్తు లేదు, కాలిన మంచు లేదు. ఆకాశంలో వెలుగు ఉండటం వేరు, ఆ వెలుగు ఈ టెంటుని కోయించడం వేరు.

మరి రేడియేషన్? కొన్ని బట్టల మీద ఉన్న మాట నిజమే. క్రివొనిషెంకో చెల్యాబిన్‌స్క్-40 అనే రహస్య పట్టణంలో ఇంజనీరుగా పనిచేశాడు. అక్కడి ప్లుటోనియం ఫ్యాక్టరీలోనే 1957లో పెద్ద అణు ప్రమాదం జరిగింది. కొలెవాతొవ్ కూడా ఇంతకు ముందు అణు రంగానికి చెందిన సంస్థలో పనిచేసినవాడే. ఆ బట్టల మీది రేడియేషన్‌కి ఆకాశం దాకా పోనక్కర్లేదు.

నాలుక సంగతి? దుబినినా శవం మూడు నెలలు, మంచు కింద పారే నీటిలో ఉంది. నీళ్లలో అన్నిటికంటే ముందు పాడయ్యేవి కళ్లు, నాలుక లాంటి మెత్తటి భాగాలే. ఆమెతో దొరికిన జొలొతర్యోవ్‌కి కూడా కళ్లు లేవు. వినడానికి బాగోదు, కానీ ఇందులో రహస్యం లేదు.

చూశారా ఏం జరిగిందో? రేడియేషన్‌కి ఒక కారణం, నాలుకకి ఇంకో కారణం, యతికి ఒక జోకు. విడివిడిగా చూస్తే అన్నీ మామూలువే. రీల్ చేసేవాళ్లు ఈ అన్నిటినీ ఒక సంచిలో వేసి కలిపి, "వీటన్నిటికీ ఒకే కారణం చెప్పు చూద్దాం" అంటారు. ఒకే కారణం ఉండాలని ఎవరన్నారు?

ఇక అసలు ప్రశ్న. టెంటు ఎందుకు కోశారు?

ఇన్‌ఫ్రాసౌండ్ అని ఒక థియరీ ఉంది. డానీ ఐకర్ అనే అమెరికన్ రచయిత 2013లో వచ్చిన తన పుస్తకంలో చెప్పాడు. గుండ్రటి కొండ శిఖరం మీదుగా గాలి సుడులు తిరిగి, మన చెవికి వినపడని శబ్దం పుట్టి, వాళ్లకి విపరీతమైన భయం కలిగించిందని. వినడానికి బాగుంది. కానీ భయంతో పిచ్చెక్కినవాళ్లు తలో దిక్కుకీ పరిగెత్తాలి కదా? ఆ అడుగుల ముద్రలు పరిగెత్తినవి కాదు, నడిచినవి. అందరూ ఒకే వైపు వెళ్లారు.

ఇంకోటి, కొండ మీంచి కిందకి దూకే గాలి. 2019లో స్వీడన్, రష్యా వాళ్లు కలిసి చలికాలంలో అక్కడికి వెళ్లి చూశారు. కొండ మీది చల్లటి బరువైన గాలి ఒక్కసారిగా కిందకి దూకుతుంది. స్వీడన్‌లోని అనారిస్ కొండల్లో 1978లో తొమ్మిది మంది స్కీయర్లు ఇలాంటి గాలికే చిక్కుకున్నారు. ఎనిమిది మంది చనిపోయారు, ఒక్కడే బతికాడు. అలాంటి గాలిలో టెంటు చిరిగిపోతుంది, లోపల ఉంటే చస్తాం అనిపిస్తుంది. అడవిలోకి దిగడం ఒక్కటే దారి.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది మంచు చరియ మీద. రష్యా 2019లో కేసు మళ్లీ తెరిచింది. 2020 జూలైలో ప్రాసిక్యూటర్ ఆఫీసు అవలాంచే కారణమని ప్రకటించింది. చాలామంది ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరాలు న్యాయమైనవే. వెతికినవాళ్లకి అవలాంచ్ గుర్తులు కనపడలేదు. వాలు అంత ఏటవాలుగా లేదు. టెంటు కోసం మంచు తవ్వింది సాయంత్రం, ప్రమాదం జరిగింది రాత్రి. తవ్వినప్పుడే ఎందుకు పడలేదు? పక్కటెముకలు విరిగిన మనిషి కిలోమీటరున్నర ఎలా నడుస్తాడు?

ఈ ప్రశ్నలకి స్విట్జర్లాండ్‌లో పనిచేసే ఇద్దరు పరిశోధకులు, యోహాన్ గోమ్, అలెగ్జాండర్ పుజ్రిన్, 2021 జనవరిలో జవాబు చెప్పే ప్రయత్నం చేశారు. మనకి మంచు అంటే ఫ్రీజర్‌లో కనపడేదే. అందుకే కాస్త వివరంగా చెప్తాను. కొండ మీద మంచు పొరలు పొరలుగా ఉంటుంది. పైన గాలికి బిగుసుకుపోయిన గట్టి పలక. కింద పంచదార పలుకుల్లాంటి వదులు మంచు. పంచదార పోసి దాని మీద బండ పెట్టి, ఏటవాలుగా ఉంచితే ఏమవుతుంది? కింద అంచున బండకి ఆనిక ఉన్నంతసేపు నిలబడుతుంది. వీళ్లు టెంటు కోసం తవ్వింది సరిగ్గా ఆ ఆనికనే. వెంటనే పడలేదు. కానీ పైనుంచి గాలి రాత్రంతా మంచుని తెచ్చి ఆ పలక మీద పోస్తూనే ఉంది. బరువు పెరిగి పెరిగి, కొన్ని గంటల తర్వాత పలక విరిగి జారింది. పైకి చదునుగా కనిపించే ఆ వాలు, మంచు కింద కొన్ని చోట్ల 28 డిగ్రీల దాకా ఉందని కూడా వాళ్లు చూపించారు.

సినిమాల్లో చూసినట్టు కొండంత మంచు ఊడిపడక్కర్లేదు. ఒక చిన్న ముక్క చాలు. గాలికి గట్టిపడిన మంచు ఒక్క ఘనపు మీటరు మూడు నాలుగు వందల కిలోలు ఉంటుంది. అంటే పడుకున్న మనిషి ఛాతీ మీద బియ్యం బస్తాల లారీలోంచి కొన్ని బస్తాలు ఒక్కసారి పడ్డట్టు. కింద మెత్తటి మంచు కూడా లేదు, గట్టి స్కీలు ఉన్నాయి. ఇంత చిన్న చరియ గుర్తులు మూడు వారాల గాలికి చెరిగిపోవడంలో వింత లేదు.

ఇక్కడ మీకు నచ్చే ముక్క ఒకటుంది. మంచు ఎలా కదులుతుందో లెక్కకట్టడానికి గోమ్ వాడింది ఎవరి సాయమో తెలుసా? డిస్నీ 'ఫ్రోజెన్' సినిమాకి మంచు యానిమేషన్ చేసినవాళ్లది. ఎముకలు విరిగే లెక్క కోసం, సీటు బెల్టుల డిజైన్‌కి ఒక కార్ల కంపెనీ గతంలో మృతదేహాల మీద చేసిన పరీక్షల వివరాలు వాడారు. తేలింది ఏంటంటే, అలాంటి పలక ఎముకలు విరగ్గొట్టగలదు, కానీ వెంటనే ప్రాణం తీయదు. మేం కేసు తేల్చేశాం అని మాత్రం వాళ్లు అనలేదు. ఇలా జరగడం సాధ్యమే అన్నారు, అంతే. 2022లో అదే చుట్టుపక్కల మంచు చరియలు జారిన ఆనవాళ్లు ఫోటోలతో సహా దొరికాయి.

దెబ్బలు టెంటులో తగిలాయా, తర్వాత వాగు లోయలో మంచు కప్పు కూలి తగిలాయా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. పుర్రె పగిలిన థిబో సొంతంగా నడవలేడని డాక్టర్ చెప్పాడు కాబట్టి, లోయలో తగిలాయన్న మాట నాకు కాస్త బలంగా అనిపిస్తుంది. టెంటులోనే తగిలి ఉంటే మిగతావాళ్లు మోసుకెళ్లి ఉండాలి. గాలా, మంచు పలకా అన్నదాని మీద నేను పందెం కట్టను. రెండూ కలిసి కూడా రావచ్చు. ఒకటి మాత్రం ఖాయం. మంచు మీద పడిన టెంటులోంచి, ఇంకో చరియ పడుతుందేమో తెలియని చీకట్లో, ముందు బయటపడి వాలు దాటి కిందకి పోవడం పిచ్చి పని కాదు. అనుభవం ఉన్నవాడు చేసే పనే అది.

ఇప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్నకి వద్దాం. బయటికి వచ్చాక ఏం చేశారు?

చెదిరిపోకుండా కలిసి నడిచారు. సున్నాకి దాదాపు పాతిక డిగ్రీల కింద ఉన్న చలిలో, చాలామంది బూట్లు లేకుండానే, కిలోమీటరున్నర నడిచి అడవి చేరారు. అక్కడ పెద్ద చెట్టు చూసుకున్నారు. పైకెక్కి కొమ్మలు విరిచారు. ఆ గాలిలో నిప్పు రాజేశారు. ఎప్పుడైనా తడి పుల్లలతో పొయ్యి అంటించడానికి ప్రయత్నించారా? అదీ మొద్దుబారిన వేళ్లతో!

మంట దగ్గర ఇద్దరు చనిపోయారు. చలికి చచ్చేవాళ్లలో కొందరికి చివర్లో ఒళ్లు వేడెక్కినట్టు అనిపించి బట్టలు విప్పేస్తారని సైన్స్ చెప్తుంది. కానీ ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ ఇద్దరి బట్టలు కొన్ని, కోసి తీసినవి, బతికున్నవాళ్ల ఒంటి మీద కనిపించాయి. దుబినినా ఒంటి మీద క్రివొనిషెంకో ప్యాంటు ఉంది. పోయిన స్నేహితుడి బట్ట తీసి బతికున్న స్నేహితురాలికి వేశారు. ఆ పని చేసేటప్పుడు వాళ్లకి ఎలా ఉండి ఉంటుంది?

వాగు లోయలో, గాలి తగలకుండా, మంచులో గూడు తవ్వి కింద చెట్టు కొమ్మలు పరిచారు. నలుగురు కూర్చోవడానికి చోటు చేశారు. ముగ్గురు టెంటు వైపు తిరిగి ఎక్కడం మొదలుపెట్టారు. బట్టలు, బూట్లు, తిండి అన్నీ అక్కడే ఉన్నాయి. అవి తెస్తేనే అందరూ బతుకుతారు. అందరికంటే దూరం వెళ్లగలిగింది 22 ఏళ్ల జినైదా కొల్మొగొరోవా.

నిప్పు, గూడు, బట్టలు పంచుకోవడం, టెంటుకి తిరిగి వెళ్లడం. ఇందులో తప్పు అడుగు ఏది? నాకు ఒక్కటీ కనపడటం లేదు. సరైన పనులన్నీ చేసి కూడా చనిపోయారు. కొండ మీద అలా జరుగుతుంది. ఈ మాట మనం ఒప్పుకోలేం. జాగ్రత్తగా ఉన్నవాళ్లు బతకాలి, చనిపోయారంటే ఎవరో చంపి ఉండాలి అనుకుంటాం. యతి, రాకెట్టు, గూఢచారులు అన్నీ అందుకే పుట్టుకొచ్చాయి అనుకుంటాను. ఆ కథల్లో ఈ తొమ్మిది మంది భయంతో పరిగెత్తిన బొమ్మలే. నిజంగా వాళ్లు చేసినదానికి అందులో చోటు లేదు.

మనవాళ్లు కూడా ఇప్పుడు డిసెంబరు, జనవరి నెలల్లో కేదార్‌కంఠ లాంటి మంచు ట్రెక్కులకి చాలామంది వెళ్తున్నారు. వెళ్లండి, బాగుంటుంది. కానీ టెంటు ఎక్కడ వేయాలో గైడ్ చెప్తే వినండి. ఫోటోకి బాగుందని వాలు మీదకి పోకండి. రాత్రి బూట్లు, జాకెట్ చేతికందేలా పెట్టుకుని పడుకోండి.

ఇంకో చిన్న పని. ఈసారి ఈ కేసు మీద రీల్ కనిపిస్తే, అందులో ఆ చెట్టు కింద మంట గురించి, పోయిన స్నేహితుడి నుంచి తీసిన ఆ ప్యాంటు గురించి చెప్పారో లేదో చూడండి. గాలి వైపా, మంచు పలక వైపా, మీరు ఎటు ఉన్నారో కింద రాయండి. అభ్యంతరాలుంటే అవీ రాయండి, చదువుతాను. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.